సోలార్ పెట్టెలో గాలి 72 డిగ్రీలు చూపిస్తోంది, తాండ్ర మాత్రం ఆరడం లేదు

బంగారుపాళెం_రైతు
పోయిన సీజన్లో తోతాపురి మామిడికి రేటు లేక తాండ్ర వేద్దామని సోలార్ పెట్టె ఒకటి చేయించాను. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. పైన 4 ఎంఎం కిటికీ గాజు, దాని కింద నల్ల పెయింట్ కొట్టిన జీఐ (జింకు పూత ఇనుప) రేకు, రేకు కింద పది సెంటీమీటర్ల ఖాళీ, అడుగున ప్లైవుడ్. గాలి రేకు కింద ఖాళీలో నుంచి పోతుంది. చివర పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి పెట్టి, 4 అంగుళాల పైపుతో ట్రేల గదికి కలిపాను. బయట 36 ఉంటే పైపు దగ్గర 72 చూపిస్తోంది. కానీ పక్క తోట వాళ్ళు చాప మీద ఎండలో వేసిన తాండ్ర, నా తాండ్ర దాదాపు ఒకేసారి ఆరుతున్నాయి. ఇంత ఖర్చు పెట్టి ఏం లాభం? రేకు కింద తీగలు అంటిస్తే వేడి రెట్టింపు వస్తుందని ఒక వీడియోలో చూశాను, నిజమేనా? లేక రాగి రేకు వేయాలా?

చంద్రగిరి_చంద్రం
రాగే. ఇనుము కంటే రాగికి వేడి పాకే గుణం చాలా ఎక్కువ. ఖర్చయినా ఒకేసారి అయిపోతుంది.

కొండకోతి
రాగి రేకు ఇంటి మీద పెడితే వేడి కంటే ముందు దొంగలు పాకుతారు అన్నా.

వేడిగాలి_మాస్టారు
రాగి వద్దు, డబ్బు దండగ. రేకు మందం అర మిల్లీమీటరు ఉంటుంది. వేడి పై నుంచి కిందికి దాటాల్సింది ఆ అర మిల్లీమీటరే, దానికి ఇనుమైనా రాగైనా తేడా తెలియదు. రాగి అవసరం సోలార్ నీళ్ళ హీటర్లలో. అక్కడ రేకు అంతా పోగైన వేడి పక్కకి ప్రయాణించి గొట్టం దాకా చేరాలి. ఇక్కడ గాలి రేకు అంతటినీ తాకుతూనే పోతోంది. అసలు ఇబ్బంది రేకుకీ గాలికీ మధ్య ఉంది. గాలి వేడిని తీసుకోవడంలో మహా బద్ధకం, నీటితో పోలిస్తే దాని ఉష్ణ వాహకత ఇరవయ్యో వంతు కంటే తక్కువ. పైగా రేకును ఆనుకుని ఉండే పలుచటి గాలి పొర దాదాపు కదలకుండా దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. మీరన్న తీగల పని ఆ పొరను చెదరగొట్టడమే. అయితే మీ పెట్టెకి ఇప్పుడే తీగలు అంటించొద్దు. ముందు ఒక సంగతి చెప్పండి, పైపులో గాలి వేగం ఎంత?

బంగారుపాళెం_రైతు
వేగం ఎలా కొలవాలి సార్? చెయ్యి పెడితే మెల్లగా తగులుతుంది అంతే.

రేకులషెడ్డు
చిన్న ఎనిమోమీటర్ ఆన్‌లైన్లో దొరుకుతుంది, మా షాపులో ఒకటి ఉంది. పలమనేరు వైపు వస్తే తీసుకెళ్ళు, తిరిగి ఇవ్వడం మాత్రం మర్చిపోవద్దు, ముందొకాయన మర్చిపోయాడు.

రిటైర్డ్_లెక్కలు
మాస్టారు విషయాన్ని పక్కదారి పట్టిస్తున్నారు. 36 నుంచి 72 అంటే 36 డిగ్రీలు పెరిగింది. ఇంట్లో చేయించుకున్న పెట్టెకి అది చాలా మంచి ఫలితం. లోపం పెట్టెలో లేదు, ట్రేల గదిలో ఉంది. ట్రేలు ఒకదాని మీద ఒకటి దగ్గరగా పేర్చి ఉంటారు. గాలి వేగం పెంచితే ఉష్ణోగ్రత పడిపోతుంది, అప్పుడు ఇంకా ఆరదు.

పీలేరు_పద్మ
ట్రేల సంగతి కూడా చూసుకోండి, నిజమే. కానీ గాలి వేడిగా ఉంటే చాలు, ఆరిపోతుంది అనుకుంటే మాత్రం పొరపాటు. మా పొదుపు సంఘంలో టమాటా ముక్కలు వేస్తాం. మొదట్లో గాలి తక్కువగా, బాగా వేడిగా వదిలేవాళ్ళం. ముక్క పైన తోలు గట్టిపడి లోపల తడి అలాగే ఉండిపోయేది. సంచిలో పెట్టాక బూజు.

బంగారుపాళెం_రైతు
రేకులషెడ్డు అన్న దగ్గర ఎనిమోమీటర్ తెచ్చాను (తిరిగిస్తాను అన్నా). పైపులో సెకనుకి ఒక మీటరు చూపిస్తోంది.

వేడిగాలి_మాస్టారు
అయితే లెక్క తేలిపోయింది. 4 అంగుళాల పైపు అడ్డకోత వైశాల్యం 0.0081 చదరపు మీటర్లు. సెకనుకి ఒక మీటరు వేగం అంటే 0.0081 ఘనపు మీటర్ల గాలి. 72 డిగ్రీల దగ్గర గాలి పలచబడి ఘనపు మీటరు 1.02 కిలోలే ఉంటుంది. అంటే సెకనుకి ఎనిమిది గ్రాముల చిల్లర. దాన్ని కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే 1005 జౌళ్ళతో, పెరిగిన 36 డిగ్రీలతో గుణిస్తే సుమారు 300 వాట్లు. ఇప్పుడు ఎండ వైపు చూడండి. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి 900 వాట్లు అనుకుంటే మీ రెండు చదరపు మీటర్ల మీద పడేది 1800. 1800 పడితే ట్రేలకి వెళ్ళేది 300, అంటే 17 శాతం. మిగిలిన 1500 ఎక్కడికి పోయింది? గాజు మీద చెయ్యి పెట్టి చూడండి.

బంగారుపాళెం_రైతు
పెట్టాను. నిలపలేకపోయాను సార్, చుర్రుమంది.

వేడిగాలి_మాస్టారు
అదే మీ 1500లో పెద్ద వాటా. గాలి తీసుకోలేక రేకు మరీ వేడెక్కుతుంది. వేడెక్కిన రేకు గాజు గుండా, అంచుల గుండా, అడుగు గుండా వేడిని బయటికి వదిలేస్తుంది. అందుకే గాలి ఎంత వేడిగా వస్తే పెట్టె అంత బాగా పని చేస్తున్నట్టు కాదు, చాలాసార్లు దానికి తలకిందులుగా ఉంటుంది. ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే మోసపోతాం, ఉష్ణోగ్రతనీ గాలి బరువునీ కలిపి చూడాలి.

రిటైర్డ్_లెక్కలు
గుణకారం సరే. ఆరబెట్టడానికి గాలి పొడిగా ఉండాలి కదా, అది ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. దీనికి జవాబు చెప్పండి.

వేడిగాలి_మాస్టారు
36 డిగ్రీల దగ్గర 40 శాతం తేమ ఉన్న గాలిని 60కి వేడి చేస్తే దాని సాపేక్ష తేమ 12 శాతానికి పడుతుంది. 72కి చేస్తే 7 శాతం. రెండూ ఎండు గాలే. 12కీ 7కీ మధ్య తేడా కోసం తక్కువ గాలితో సరిపెట్టుకోవడం నష్టం. కిలో నీరు ఆవిరి కావడానికి దగ్గర దగ్గర 2400 కిలోజౌళ్ళు కావాలి, ఆ శక్తిని మోసుకొచ్చేది గాలి బరువే.

పలమనేరు_పవన్
తిరుమల అన్నప్రసాదం దగ్గర కూడా సోలారే కదా, అక్కడ ఇలాంటి గొడవ లేదే?

వేడిగాలి_మాస్టారు
అది వేరే పద్ధతి పవన్. 2002లో పెట్టారు, 106 అద్దాల డిష్‌లు ఎండని ఒక చోటికి కూడగట్టి నీటిని ఆవిరి చేస్తాయి. నీరు, ఆవిరి వేడిని ఇట్టే లాక్కుంటాయి. ఇక్కడ మన చేతిలో ఉన్నది గాలి.

కొండకోతి
మా అలిపిరి కోతులకి ఆ డిష్‌ల మీద ఆశ లేదు గానీ గాజు పెట్టె కనిపిస్తే మాత్రం అద్దం చూసుకోవడానికి వచ్చేస్తాయి. మామూలు గాజు అయితే ఒక్క దూకుకి అంతే సంగతులు.

రేకులషెడ్డు
అందుకే టఫెన్డ్ గాజు వాడమంటాను. ఇనుము తక్కువ ఉన్న రకం దొరికితే ఇంకా మంచిది. కిటికీ గాజు అంచు నుంచి చూస్తే ఆకుపచ్చగా కనబడుతుంది కదా, అది ఎండలో కొంత వాటా తినేస్తుంది. ఎటూ మాటొచ్చింది కాబట్టి, రెండు గాజులు వేయాలా అని చాలామంది అడుగుతారు. మన వాతావరణంలో, 60 డిగ్రీల పనికి ఒక్క గాజు చాలు. రెండోది వేడి నష్టాన్ని తగ్గిస్తుంది కానీ లోపలికి వచ్చే వెలుగులో కూడా సుమారు పదో వంతు కోసేస్తుంది.

బంగారుపాళెం_రైతు
ఇప్పుడు నేను చేయాల్సింది ఏంటి? పెద్ద ఫ్యాను పెట్టేయనా?

వేడిగాలి_మాస్టారు
పెద్ద ఫ్యాను ఒక్కటే పెడితే సగం పనే అవుతుంది. మీ ఖాళీ పది సెంటీమీటర్లు, అది చాలా ఎక్కువ. మధ్యలో పోయే గాలికి రేకు ఉన్నట్టే తెలియదు. దాన్ని రెండున్నర సెంటీమీటర్లకి తగ్గించండి, అడుగున మరో రేకు పైకి లేపితే చాలు. గాలి సుడులు లేకుండా సాఫీగా పోతుంటే ఖాళీ నాలుగో వంతు అయితే వేడి అందుకునే గుణకం నాలుగు రెట్ల దగ్గరికి వస్తుంది. రెండోది, పెట్టె మధ్యలో నిలువునా ఒక అడ్డుపట్టీ వేసి, చివర ఒక సందు వదలండి. గాలి ఒక సగంలో వెళ్ళి రెండో సగంలో తిరిగి రావాలి. దారి వెడల్పు సగం, పొడవు రెట్టింపు.

దీనికి కారణం ఉంది. తీగలు పని చేసేది గాలి సుడులు తిరిగే స్థితిలో ఉన్నప్పుడు. గాలి సాఫీగా పోతోందా, సుడులు తిరుగుతోందా అని చెప్పే రేనాల్డ్స్ సంఖ్య మూడు నాలుగు వేలు దాటాలి. మీ ఇప్పటి పెట్టెలో అది వెయ్యి కూడా లేదు, గాలి సాఫీగా జారిపోతోంది. అందులో తీగలు అంటిస్తే దుమ్ము పట్టడానికే పనికొస్తాయి. తమాషా ఏంటంటే వెడల్పు దారిలో ఖాళీ లోతు తగ్గించినా ఆ సంఖ్య మారదు, గాలి మొత్తాన్ని వెడల్పుతో భాగించిన దాని మీదే ఆధారపడుతుంది. అందుకే అడ్డుపట్టీ. గాలి మూడు రెట్లు చేసి, వెడల్పు సగం చేస్తే ఐదు వేలకి వస్తుంది.

చంద్రగిరి_చంద్రం
ఈ రేనాల్డ్స్ ఎవరో గానీ రైతుల్ని కూడా వదలడం లేదు.

రిటైర్డ్_లెక్కలు
ఫ్యాను ఖర్చు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అదే పెట్టెలో గాలి రెట్టింపు చేస్తే ఫ్యానుకి కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. ఖాళీ తగ్గించి, దారి పొడిగించి, పైన తీగలు కూడా అంటే నిరోధం ఎక్కడికి పోతుందో చూడండి. ఇక్కడ సంపాదించి అక్కడ పోసేయడం.

వేడిగాలి_మాస్టారు
ఎనిమిది రెట్ల మాట నిజం, అందుకే వేగాన్ని ఇష్టం వచ్చినట్టు పెంచమనడం లేదు. ఈ పెట్టె వరకు లెక్క వేశాను. అర మీటరు వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల లోతు, నాలుగు మీటర్ల దారి. నున్నటి రేకు అయితే ఒత్తిడి నష్టం ఆరేడు పాస్కల్స్. తీగలు వేస్తే మూడు రెట్లు అనుకోండి, ఇరవై. మలుపు, పైపు కలిపి ముప్పై నలభై. గాలికి నిజంగా అందాల్సిన శక్తి ఒక వాట్ చుట్టుపక్కలే. చిన్న బ్లోయర్లు పది శాతం సామర్థ్యంతోనే పని చేస్తాయి అనుకున్నా పది, పదిహేను వాట్ల మోటారు సరిపోతుంది. దానికి బదులు వందల వాట్ల వేడి వస్తుంటే పోయేదేముంది? కంప్యూటర్ ఫ్యాను మాత్రం ఆ నిరోధానికి ఊపిరి ఆడక ఆగిపోతుంది, పక్క నుంచి ఊదే రకం బ్లోయర్ కావాలి.

పీలేరు_పద్మ
బ్లోయర్‌ని బ్యాటరీ లేకుండా నేరుగా ఇరవై వాట్ల సోలార్ ప్యానెల్‌కి కలపండి. ఎండ పెరిగితే ఫ్యాను జోరు పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది. గాలి ఉష్ణోగ్రత పెద్దగా ఎగిరిపడదు. మేము అలాగే నడుపుతున్నాం, కరెంటు పోయిందన్న టెన్షన్ లేదు. ఇంకోటి, బ్లోయర్‌ని వేడి గాలి బయటికొచ్చే చివర పెట్టకండి, మోటారు ఉడికిపోతుంది. చల్ల గాలి లోపలికి వెళ్ళే చోట పెట్టి తోయించండి.

రేకులషెడ్డు
పద్మక్క చెప్పినట్టు తోయిస్తే సందుల్లోంచి వేడి గాలి బయటికి కారుతుంది, కాబట్టి మూలలన్నీ సిలికాన్‌తో మూయాలి. అగరుబత్తి వెలిగించి అంచుల చుట్టూ తిప్పితే పొగ ఎక్కడ కదిలిందో అక్కడ సందు ఉన్నట్టు. తాండ్రకి వాసన వస్తుందంటే మాత్రం నేను బాధ్యుణ్ణి కాను.

పలమనేరు_పవన్
మా చిన్నాన్న ఇలాంటి పెట్టెకి అడుగున థర్మకోల్ వేశాడు. ఫ్యాను ఆగిపోయిన ఒక మధ్యాహ్నం తర్వాత తీసి చూస్తే ముడుచుకుపోయి కూర్చుంది.

రేకులషెడ్డు
థర్మకోల్ 75, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. గాలి ఆగిన పెట్టెలో రేకు వంద దాటుతుంది. గ్లాస్‌వుల్ (గాజు దూది) గానీ రాక్‌వుల్ (రాతి దూది) గానీ రెండంగుళాలు వేయండి.

చంద్రగిరి_చంద్రం
వేరుశనగ పొట్టు ఉండగా గ్లాస్‌వుల్ ఎందుకు? ఊరికే దొరుకుతుంది.

పీలేరు_పద్మ
దొరుకుతుంది, ఎలుకలూ ఊరికే దొరుకుతాయి. పైగా నిప్పు అంటే భయం. వద్దు.

బంగారుపాళెం_రైతు
పెట్టెని దక్షిణం వైపు వాల్చి పెట్టాను, అదైనా సరేనా? ప్యానెళ్ళు పెట్టే అబ్బాయి 14 డిగ్రీలు అన్నాడు.

వేడిగాలి_మాస్టారు
ఏడాది మొత్తానికి కరెంటు తీసే ప్యానెల్‌కి అది సరిపోతుంది. మీరు వాడేది మామిడి కాలంలో. చిత్తూరు, తిరుపతి 13, 14 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాయి. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మన మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు. జూన్ 21న తిరుపతిలో దాదాపు పది డిగ్రీలు ఉత్తరానికి. దక్షిణానికి వాల్చిన పెట్టె ఆ రోజుల్లో సూర్యుడికి వీపు తిప్పుకున్నట్టే, పడుకోబెట్టిన దానికంటే మధ్యాహ్నం ఆరేడు శాతం ఎండ తక్కువ పడుతుంది. మే, జూన్, జూలైలో చదునుగా పెట్టండి, వాన నీరు జారడానికి కాస్త ఉత్తరం వాలు ఇవ్వండి. డిసెంబరులో టమాటాకి వాడితే అప్పుడు దక్షిణానికి ఇరవై ముప్పై డిగ్రీలు లేపుకోవచ్చు.

కొండకోతి
ఇన్నాళ్ళు మా మేడ మీద నీడ మే నెలలో దక్షిణం వైపు పడుతుంటే నాకే ఏదో అయిందనుకున్నా సామీ.

రిటైర్డ్_లెక్కలు
దిక్కు విషయం సరైనదే. థర్మామీటర్ విషయం కూడా అడగాలి. బయటి 36 నీడలో కొలిచారా? పైపులో సెన్సర్‌కి వేడి రేకు ఎదురుగా కనబడుతోందా? కనబడితే గాలి వేడే కాకుండా రేకు నుంచి వచ్చే వేడి కూడా కలిపి చూపిస్తుంది. చిన్న అట్టముక్క అడ్డం పెట్టి కొలవమనండి. అంకెలు సరిగ్గా లేకపోతే ఈ గుణకారాలన్నీ గాల్లో కట్టిన మేడలు.

వేడిగాలి_మాస్టారు
ఇది చాలా మంచి మాట. తప్పకుండా చేయండి.

బంగారుపాళెం_రైతు
పని జరిగింది. పద్మక్క చెప్పినట్టు బ్లోయర్, ప్యానెల్. ఖాళీ రెండున్నర సెంటీమీటర్లు, మధ్యలో అడ్డుపట్టీ, అడుగున రాక్‌వుల్. సెన్సర్‌కి అట్ట అడ్డం పెట్టాను. బయట 34, పైపులో 58, వేగం మూడు మీటర్లు. తీగలు ఇంకా వేయలేదు. గాజు ఇప్పుడు ముట్టుకోగలుగుతున్నాను.

వేడిగాలి_మాస్టారు
అదే 900 వాట్ల ఎండ అనుకుంటే 625 వాట్లు, 35 శాతం. గాలి 72 నుంచి 58కి దిగింది, ట్రేలకి చేరే వేడి రెట్టింపయింది. ఇప్పుడు తీగల దగ్గరికి వద్దాం. ఈ కిటుకు మీద మన దేశంలోనే 1980ల నుంచి బోలెడు పని జరిగింది, రూర్కీ యూనివర్సిటీ (ఇప్పటి ఐఐటీ) వాళ్ళు చాలా చేశారు. వాళ్ళ ఫలితాల్లో పదేపదే కనిపించేది ఒక నిష్పత్తి: తీగ ఎత్తుకి పది రెట్లు దూరంలో తర్వాతి తీగ ఉండాలి. తీగ మీద నుంచి ఎగిరిన గాలి మళ్ళీ రేకుని తాకేది ఆరు నుంచి ఎనిమిది ఎత్తుల దూరంలో. అక్కడే వేడి బాగా లాక్కుంటుంది. మరీ దగ్గరగా తీగలు వేస్తే గాలి కిందికి దిగకుండానే తర్వాతి తీగ వస్తుంది, నిరోధం మాత్రమే మిగులుతుంది. మీ దారికి ఎత్తు రెండు మిల్లీమీటర్లు, అంటే రెండు సెంటీమీటర్లకి ఒక తీగ.

రేకులషెడ్డు
రెండు మిల్లీమీటర్లంటే 14 గేజ్ జీఐ తీగ. దాన్ని జిగురుతో అంటించొద్దు, వేడికి వదిలేస్తుంది, వాసన తాండ్రకి పడుతుంది. స్పాట్ వెల్డింగ్ పెట్టండి. అది కుదరకపోతే నా పద్ధతి: గుండ్రటి మొన ఉన్న పంచ్‌తో రేకుకి పై నుంచి గుంటలు కొడితే కిందివైపు బొడిపెలు లేస్తాయి. తీగా వద్దు, జిగురూ వద్దు. మా కుర్రాడు పాట పెట్టుకుని కొడుతూ కూర్చుంటాడు, పక్క షాపు వాళ్ళు తిడుతూ కూర్చుంటారు.

చంద్రగిరి_చంద్రం
తీగలు పై వైపా, కింద వైపా? నల్ల పెయింట్ వైపు వేస్తే బాగుంటుంది కదా?

వేడిగాలి_మాస్టారు
గాలి పోయే వైపే, అంటే ఈ పెట్టెలో కింద. పై వైపు వేస్తే నీడ తప్ప లాభం లేదు. అడ్డంగా తిన్నగా కాకుండా వీ ఆకారంలో వేస్తే ఇంకా మెరుగు, సుడులు పక్కలకి కూడా పాకుతాయి. మొదటిసారికి తిన్నగా చాలు. కింది వైపు కూడా నల్ల పెయింట్ వేస్తే పై రేకు అడుగు రేకు మీదికి వేడిని వెదజల్లుతుంది, గాలికి రెండు వైపులా వేడి దొరుకుతుంది.

పీలేరు_పద్మ
ఈ చివరి దానికి నేను ఒప్పుకోను మాస్టారూ. తినే వస్తువు మీదికి వెళ్ళే గాలిని పెయింట్‌కి తాకించడమేంటి? పై వైపు పెయింటే మేము ట్రేలు పెట్టకుండా ఎండలో కొన్నాళ్ళు కాల్చి, వాసన పోయాక వాడతాం. నాలుగైదు శాతం కోసం సరుకు వెనక్కి వస్తే ఎవరు భరిస్తారు?

వేడిగాలి_మాస్టారు
సరుకు అమ్మేది మీరు, నిర్ణయం మీదే. అడుగు రేకు పై ముఖం వరకైనా పాతబడి మెరుపు పోయిన జీఐ వాడండి, కొత్తగా తళతళలాడేది వద్దు.

పలమనేరు_పవన్
ఇదంతా చేస్తే రోజుకి ఎన్ని కిలోల టమాటా ఆరుతుంది? మదనపల్లె మార్కెట్లో రేటు పడిపోయినప్పుడల్లా రోడ్డు మీద పారబోస్తున్నారు, అది చూసి అడుగుతున్నా.

పీలేరు_పద్మ
లారీ లోడు ఆరబెడదామనుకుంటే ఈ పెట్టె సరిపోదు తమ్ముడూ. టమాటాలో 94 శాతం నీరే. పది కిలోలు వేస్తే తొమ్మిది కిలోల పైన నీరు పోవాలి, అంటే ఆరు యూనిట్ల పైన వేడి. రెండు చదరపు మీటర్ల మీద రోజుకి పడేది మంచి ఎండలో పదకొండు యూనిట్లు. అందులో 40 శాతం చేతికొస్తే నాలుగున్నర, ట్రేల గదిలో మళ్ళీ కొంత పోతుంది. పది కిలోలకి రెండు రోజులు తక్కువ కాదు. ఎక్కువ కావాలంటే పెట్టెలు పెంచాలి. చిన్న ఆహార తయారీ యూనిట్లకి కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ పెట్టారు, పది లక్షల పరిమితితో, బ్యాంకు లోను మీద.

కొండకోతి
35 శాతం సబ్సిడీ, 35 శాతం సామర్థ్యం. అన్నీ కలిసొస్తున్నాయి.

బంగారుపాళెం_రైతు
రేకులషెడ్డు అన్న స్పాట్ వెల్డింగ్ చేయించి ఇచ్చాడు. బయట 34, పైపులో 64, వేగం మూడు మీటర్ల దగ్గరే ఉంది, కొంచెం తగ్గి ఉండొచ్చు. తాండ్ర పొర పొద్దున వేసింది మధ్యాహ్నానికి రెండో పొరకి సిద్ధమైంది, ముందు సాయంత్రం దాకా చూడాల్సి వచ్చేది.

వేడిగాలి_మాస్టారు
దాదాపు 760 వాట్లు, 42 శాతం. తీగల వాటా ఇందులో 22 శాతం పెరుగుదల, రెట్టింపు కాదు. వీడియోల్లో చెప్పే ఆ రెట్టింపు, రేకు నుంచి గాలి వేడి అందుకునే గుణకానికి, పెట్టె మొత్తానికి కాదు.

రిటైర్డ్_లెక్కలు
కొంచెం తగ్గి ఉండొచ్చు అంటే ఎంత? రెండు పాయింట్ ఏడు అయితే మీ 42 కాస్తా 38 అవుతుంది. మళ్ళీ కొలిచి రాయండి. ఎండ 900 అన్నది కూడా మాస్టారి ఊహే, ఆ రోజు మబ్బు ఉందో లేదో ఎవరు చూశారు.

రేకులషెడ్డు
కొలవాలంటే ఎనిమోమీటర్ ఆయన దగ్గరే ఉంది. ఇంకా తిరిగి రాలేదు.